పచ్చరవ్వ

పోల్చమంటే మా క్లాసు పిల్లలు కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీస్తారు. ఎడమవైపు పుష్పించే మొక్క, కుడివైపు మంచినీటి సయనోబాక్టీరియా, నీళ్ళ మీద పచ్చగా తేలే సూక్ష్మజీవి. మొక్క కణంలో కేంద్రకం ఉంటుంది, దీనిలో ఉండదు. మొక్కలో పచ్చదనం చిన్నచిన్న సంచుల్లో దాచి ఉంటుంది, దీనిలో కణమంతా కలిసిపోయి ఉంటుంది. మొక్క పూస్తుంది, కాస్తుంది, గింజ పెడుతుంది. ఇది ఊరికే రెండుగా చీలుతుంది, రెండు నాలుగవుతాయి, వారం తిరిగేసరికి చెరువంతా తనే అవుతుంది. ఆరు తేడాలు రాస్తే ఆరు మార్కులు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏటా ఈ జవాబు చెబుతున్నాను, ఏటా దిద్దుతున్నాను. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలను. ఈ రెండింటికీ తేడా చూడకుండా మాట జారి, నా తమ్ముడి మందను చంపింది కూడా నేనే.

మాది రామచంద్రపురం దగ్గర ఒక పల్లె. నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. మా నాన్న బాతులు మేపేవాడు. మా పేటలో, మా లూథరన్ చర్చిలో మమ్మల్ని బాతులవాళ్ళు అనేవారు. నాకు ఉద్యోగం వచ్చాక మేడమ్ గారి వాళ్ళు అయ్యాం. నాన్నకి ఆ రెండో పేరంటే మహా ఇష్టం. ఎవరైనా పాత పేరుతో పిలిస్తే, "ఎవర్నండి పిలుస్తున్నారు?" అని వెనక్కి తిరిగి చూసేవాడు, అక్కడ ఇంకెవరో నిలబడి ఉన్నట్టు.

తమ్ముడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. పదో తరగతితో ఆపేశాడు. నన్ను డిగ్రీలో చేర్పించాలా వాణ్ణి ఇంటర్‌లో చేర్పించాలా అని నాన్న తల పట్టుకుని కూర్చున్న సాయంత్రం, వాడే వచ్చి "నాకు చదువు ఎక్కదు నాన్నా, అక్కని చదివించు, నేను మందతో వస్తాను" అన్నాడు. చదువు ఎక్కకపోవడమేంటి, నా లెక్కల పుస్తకంలో తప్పులు పట్టేవాడు! అది అబద్ధమని నాకు ఆ రోజే తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అప్పటి నుంచే అలవాటు.

కోతలయ్యాక నాన్న మందను చేల వెంట తిప్పేవాడు. రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ బాతులు ముందు, పొడవాటి గెడ పట్టుకుని నాన్న వెనక. ఎండలు ముదిరి కాలువలకి నీళ్ళు కట్టేశాక అసలు కష్టం మొదలయ్యేది. మేత లేకపోతే బాతు ఒక పూట ఓర్చుకుంటుంది, నీళ్ళు లేకపోతే ఓర్చుకోదు. ఏ ఊళ్ళో ఏ చెరువులో నీరుందో కనుక్కుంటూ తిరగాలి. అలా తిరిగి తిరిగి నీళ్ళు దొరికినా ఆయన వెంటనే దించేవాడు కాదు. ముందు తను మోకాలి లోతుకి దిగేవాడు. దోసెడు నీళ్ళు తీసుకుని, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసేవాడు. తరువాత మందలో అన్నిటికంటే ముసలి బాతుని ఒక్కదాన్నే వదిలి, గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించేవాడు. చుట్ట కాలిపోయేసరికి ఆ బాతు ఇంకా హుషారుగా మునకలేస్తూ ఉంటే అప్పుడు లేచి, గెడ పైకెత్తి "దా దా దా" అనేవాడు. మంద మొత్తం దబదబా నీళ్ళలో పడేది.

దీన్ని మా ఇంట్లో నీళ్ళని పలకరించడం అనేవాళ్ళం. "ఎవరింటికైనా వెళ్తే పలకరించకుండా లోపలికి పోతామా? నీళ్ళైనా అంతే," అనేవాడు నాన్న. పాపం, ఆ ముసలి బాతుకేమైనా అయితేనో అని నేనొకసారి అడిగాను. "అందుకేగా ముందు నేను దిగేది," అన్నాడు. తమ్ముడికి పదేళ్ళ వయసులోనే ఇదంతా నేర్పాడు. వాడి వేళ్ళు పట్టుకుని నీళ్ళలో ముంచి, ఇది బురద జిగురు, ఇది ఎరువు జిగురు, ఇది నాచు జిగురు అని చెప్పేవాడు. నాకు మాత్రం నేర్పలేదు. నాకు పుస్తకాలు కొన్నాడు.

పచ్చరవ్వ సంగతి కూడా నాన్న చెప్పిందే. నేను పుట్టకముందు ఒక ఏడాది మందను తణుకు వైపు తోలుకెళ్ళాడట. అక్కడొక చెరువు మీద పచ్చటి ఉప్మారవ్వ పోసినట్టు ఉందట. వేరు లేదు, ఆకు లేదు, కాడ లేదు, ఉత్త గింజలు. వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడిందట. బాతులు దాన్ని ఎగబడి తిని నాలుగు రోజుల్లో నిగనిగలాడాయట. నేను బోటనీ చదివేటప్పుడు తెలిసింది, ఆయన చూసింది ప్రపంచంలోకెల్లా చిన్న పుష్పించే మొక్క అని. ఆకూ కాడా లేకపోయినా దానికి పువ్వు మాత్రం ఉంటుంది. గింజ నెత్తి మీద చిన్న గుంట, ఆ గుంటలో ఒక కేసరం, ఒక అండకోశం. పువ్వంటే అంతే. ఈ సంగతి చెప్పిన రోజు నాన్న చాలాసేపు నవ్వాడు. "అయితే నా బాతులు పూలతోట మేశాయన్నమాట," అన్నాడు.

అప్పటి నుంచి నాకు దాని పిచ్చి పట్టుకుంది. పాఠంలో దాని బొమ్మ వేస్తాను, దాని గొప్ప చెబుతాను, పిల్లలకు చూపించడానికి మాత్రం నా దగ్గర లేదు. మా ల్యాబ్‌లో సీసాల వరసలో దాని కోసం ఒక ఖాళీ జాగా కూడా ఉంచాను. ఇంటికి వెళ్ళినప్పుడల్లా తమ్ముణ్ణి సతాయించేదాన్ని. "ఎక్కడైనా పచ్చరవ్వ కనబడితే ఒక సీసాడు తీసిపెట్టరా." వాడు ప్రతిసారీ "సరే అక్కా" అనేవాడు.

నాన్నకి కళ్ళలో పొరలొచ్చి, మోకాళ్ళు పట్టేసి ఇంటిపట్టున కూర్చున్నాక మంద పూర్తిగా తమ్ముడి చేతికి వచ్చింది. నాన్నకంటే బాగా చూసుకున్నాడు. మందను చూడ్డానికి పక్క ఊళ్ళవాళ్ళు వచ్చేవారు. "వాడికి చెయ్యి ఉందండి," అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. చెయ్యి ఉందంటే, వేళ్ళతో నీళ్ళని చదవడం వచ్చని. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు లేదు. నా డిగ్రీలన్నిటికీ కలిపి కూడా ఆయన ఆ మాట అనలేదు.

ఆ ఏప్రిల్‌లో మాకు ప్రాక్టికల్ పరీక్షలు. మర్నాడు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తున్నాడు. నేను స్టాఫ్ రూమ్‌లో జాబితాలు సరిచూసుకుంటున్నాను, ఒకటే హడావుడి. పదకొండు గంటలప్పుడు ఫోన్ మోగింది. తమ్ముడి దగ్గర నుంచి ఒక ఫొటో, ఒక వాయిస్ మెసేజ్. ఫొటోలో ఎండిపోయిన గట్టు, దాని పక్కన నీళ్ళు, నీళ్ళ మీద పచ్చగా, పొడిపొడిగా ఏదో పరుచుకుని ఉంది. మెసేజ్‌లో వెనక బాతుల గోల, ముందు వాడి గొంతు: "అక్కా, మొత్తానికి దొరికింది చూడు. ఇది నాన్న చెప్పే పచ్చరవ్వేనా? బాతుల్ని దించొచ్చా? పొద్దుట్నుంచి నీళ్ళు లేక అల్లాడిపోతున్నాయి."

కళ్ళజోడు టేబుల్ మీద ఉంది. తీసి పెట్టుకోలేదు. ఫొటోని పెద్దది చేసి చూడలేదు. ఎండలు కాసే నెలలో, కదలని నీళ్ళలో, పైనున్న చేపల చెరువుల మురుగు వచ్చి చేరే చోట, పైకి పచ్చరవ్వలాగే కనబడే విషం ఒకటి తేలుతుందని నాకు తెలుసు. ఫొటో చూసి ఏదని చెప్పకూడదనీ తెలుసు. పుల్లతో తీస్తే గింజలు గింజలుగా అంటుకుంటే మొక్క, రంగులా పూసుకుంటే సయనోబాక్టీరియా. ఈ మాట పిల్లలకి ఏటా చెబుతాను. కానీ ఆ నిమిషంలో నాకు కనబడింది నా ల్యాబ్‌లో ఖాళీ జాగా. రేపు ఎగ్జామినర్ ముందు ఆ సీసా పెడితే ఆయన మొహం ఎలా ఉంటుందో కనబడింది. టకటకా కొట్టి పంపించాను: "అదేరా! అనుమానం లేకుండా దించు. వాటికి పండగే. అవి తినేసేలోపు నాకొక సీసా తియ్యి. రేపు పొద్దున్నకి కావాలి." చివర్లో ఒక పువ్వు బొమ్మ కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున్నే మా ఊరి కూరగాయల ఆటో అతను కాలేజీ గేటు దగ్గర సీసా ఇచ్చి వెళ్ళాడు. అది మా అమ్మ మాగాయ పెట్టే గాజు సీసా. అమ్మ పోయి చాలా ఏళ్ళైనా దాన్ని పగలకుండా దాచారు. మూతికి గుడ్డ కట్టి, పైన కాగితం అంటించి, వాడి గుండ్రటి అక్షరాలతో రాశాడు: "పచ్చరవ్వ. అక్కకి."

ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి గుడ్డ విప్పగానే వాసన తగిలింది. పచ్చదంతా పైకి తేలి చిక్కగా మీగడ కట్టింది. దాని కింద నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి. పుష్పించే ఏ మొక్కా నీళ్ళకి ఆ నీలం ఇవ్వదు. సయనోబాక్టీరియా చచ్చినప్పుడు దానిలోంచి కారే రంగది. గాజు కడ్డీ ముంచి తీశాను. గింజలు లేవు. కడ్డీ పొడవునా ఆకుపచ్చ రంగు వేసినట్టు జారింది. అయినా స్లైడు చేశాను. మైక్రోస్కోప్‌లో జిగురు ముద్దలు, ఆ ముద్దల్లో లెక్కలేనన్ని నల్లటి చుక్కలు. రెండో స్లైడు చేశాను. మూడోది చేశాను. ఎక్కడైనా ఒక్క గింజ కనబడుతుందా, ఒక్క గుంట కనబడుతుందా, ఒక్క పువ్వైనా కనబడుతుందా అని వెతికాను. నాలుగో స్లైడు నా చేతిలోనే పగిలింది.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. చివరికి మరదలు ఎత్తింది. "వదినా, బాతులు పడిపోతున్నాయి వదినా," అంది. "మెడలు వాలిపోతున్నాయి. ఆయన నీళ్ళలోంచి ఒక్కొక్కదాన్నీ ఎత్తుకొస్తున్నారు. ఏం చెయ్యాలి వదినా?" గట్టు మీదికి తోలెయ్యండి, మంచినీళ్ళు పట్టండి అని ఏదో అన్నాను. పరీక్ష సంగతి పక్క లెక్చరర్‌కి అప్పజెప్పి బస్సెక్కాను. దారంతా వాడి నంబరు నొక్కుతూనే ఉన్నాను.

నేను వెళ్ళేసరికి గట్టు మీద బాతుల్ని వరసలుగా పడుకోబెట్టారు. ఇంకా ప్రాణం ఉన్నవి కొన్ని రెక్కలు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాయి. నాన్నని ఎవరో కుర్చీతో సహా మోసుకొచ్చి చెట్టు నీడన కూర్చోబెట్టారు. కనబడదు కదా, ఒక్కొక్క బాతునీ ఒళ్ళో పెట్టించుకుని రెక్కలు, మెడ, కాళ్ళు తడిమి చూస్తున్నాడు. తడిమి, కింద పెట్టించి, ఇంకోటి అడుగుతున్నాడు. మోకాలిదాకా బురదతో తమ్ముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. చూసి వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు.

పశువుల డాక్టరు గారు నీళ్ళు పుల్లతో కదిపి చూసి, "ఈ పచ్చది విషమండి. చూస్తే తెలియట్లేదా? ఇందులోకి దించమని ఎవరు చెప్పారు?" అని అడిగారు.

నా చేతిలో ఫోన్ ఉంది. అందులో నా జవాబు ఉంది, పువ్వు బొమ్మతో సహా. నోరు తెరిచాను.

"ఎవరూ చెప్పలేదండి," అన్నాడు తమ్ముడు. "నేనే దించానండి. ఎవర్నీ అడగలేదు."

నాన్న చేతులు ఆగిపోయాయి. "నీళ్ళని పలకరించలేదా?" అన్నాడు.

"మర్చిపోయాను నాన్నా."

"ముసలిదాన్ని వదిలి చూడలేదా?"

"లేదు నాన్నా."

ఊరంతా అక్కడే ఉంది. మా అయ్యగారు ఉన్నారు, అదే, మా పాస్టరు గారు. నేను చదువు చెప్పిన పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు. నేను నడిచి వస్తుంటే "మేడమ్ గారు వచ్చారు, జరగండి" అని దారి ఇచ్చారు. అప్పుడు చెప్పాల్సింది. నేనే చెప్పాను నాన్నా, వాడు అడిగాడు, చూడకుండా నేనే దించమన్నాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. తెరిచిన నోరు అలాగే మూశాను. సిగ్గు లేని బతుకు. నాన్న ఆ బాతుని ఒళ్ళోంచి దించి, ఇంక చాలని చెయ్యి ఊపాడు.

సాయంత్రం తమ్ముడు పాక వెనక గొయ్యి తవ్వుతుంటే వెళ్ళాను. "ఎందుకురా అలా చెప్పావు?" అన్నాను. తవ్వడం ఆపకుండానే అన్నాడు, "మరేం చెప్పమంటావక్కా?" ఇంకో పార మట్టి తీసి, "సీసా నింపేటప్పుడు వేళ్ళకి కొంచెం జారుడుగా తగిలిందక్కా. వాసన కూడా తేడాగా అనిపించింది. పువ్వుల మొక్క కదా, దీని తీరే ఇంతేమోలే అనుకున్నాను. నువ్వు చెప్పాక ఇంక చుట్ట కాల్చేదాకా కూర్చోవడమెందుకని దించేశాను," అన్నాడు.

వాడి చెయ్యి తప్పలేదు. వేళ్ళు చెప్పాయి, ముక్కు చెప్పింది. నా మాట విని వాటి మాట కాదనుకున్నాడు. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఫోన్ తీశాను. వాడు పంపిన ఫొటో లేదు. వాయిస్ మెసేజ్ లేదు. రెండుచోట్లా 'ఈ సందేశం తొలగించబడింది' అని ఉంది. ఎవరైనా చూస్తారేమోనని వాడే తీసేశాడు. ప్రశ్న తీసేశాడు, నా జవాబు మాత్రం నా ఫోన్‌లో మిగిలింది. అదేరా, అనుమానం లేకుండా దించు. "మొత్తానికి దొరికింది చూడు" అని సంబరపడిన ఆ గొంతుని మళ్ళీ వినడానికి కూడా లేకుండా పోయింది. నా పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ "ఏంటమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగింది. అవునండి అన్నాను.

తమ్ముడు మళ్ళీ మంద కట్టలేదు. కొన్నాళ్ళు ఊళ్ళో కూలికి వెళ్ళి, తరువాత మరదలితో సహా తణుకు వైపు ఒక చేపల చెరువు మీద కాపలాకి కుదిరాడు. నాన్నని నేను రాజమండ్రి తెచ్చుకున్నాను. మా ఇంటికి ఎవరు వచ్చినా నాన్న మొదట నా గురించి చెప్పేవాడు, తరువాత వాడి గురించి. "అమ్మాయి బోటనీ మేడమండి. అబ్బాయే... వాడికి చెయ్యి లేదండి." నేను వంటింట్లో ఉండి వినేదాన్ని. కాఫీ గ్లాసులు పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. వాడికి ఫోన్ చేస్తే, "నాన్న బాగున్నాడా? నా సంగతి ఏమైనా అడుగుతున్నాడా?" అనేవాడు. అడుగుతున్నాడురా అనేదాన్ని. అదీ అబద్ధమే.

కాలేజీలో ఆ పాఠం మళ్ళీ మళ్ళీ వచ్చేది. పుష్పించే మొక్కలో పచ్చగా ఉండే ఆ చిన్న సంచులున్నాయి చూశారూ, అవి ఎప్పుడో యుగాల కిందట ఇలాంటి సయనోబాక్టీరియా ఒక కణంలోకి దూరి, అక్కడే ఉండిపోగా మిగిలినవి అంటారు. ఇంటికొచ్చిన చుట్టం ఇంటిమనిషైపోయినట్టు. ఇది చెప్పిన రోజు వెనక బెంచీ పిల్ల ఒకతి, "అయితే ఆ రెండూ అక్కాతమ్ముళ్ళేగా మేడమ్, ఒకటి మేడలోకెళ్ళింది, ఒకటి చెరువులోనే ఉండిపోయింది," అంది. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి, రాయాల్సింది ఏమీ లేకపోయినా చాలాసేపు రాస్తూ ఉండిపోయాను. అందులో ఏది విషమో ఆ పిల్ల అడగలేదు కాబట్టి బతికిపోయాను.

నాన్న చివరి రోజుల్లో ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని ఆయన వేళ్ళు నొక్కుతున్నాను. నీళ్ళు చదివిన ఆ వేళ్ళు ఎండి పుల్లల్లా అయ్యాయి. ఇంక దాచకూడదనుకున్నాను. "నాన్నా, ఆ రోజు బాతులు పోయాయి చూడూ..." అని మొదలుపెట్టాను.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అదే అమ్మా నేననుకునేది కూడా," అన్నాడు. "ఆ రోజు నువ్వు ఊళ్ళో ఉంటే అలా జరిగేదా? నువ్వు ఒక్కసారి చూస్తే చెప్పేసేదానివి. వాడు నిన్నొక్క మాట అడిగుంటే ఎంత బాగుండేది."

ఆయన మొహంలో ఎంత నమ్మకం! ఆ నమ్మకాన్ని పగలగొట్టి వాడి పేరు నిలబెట్టే ధైర్యం నాకు లేకపోయింది. "అవును నాన్నా," అన్నాను. ఈ జన్మలో నేను అన్న మాటలన్నిటిలోకీ నీచమైంది అదే. ఆ వారంలోనే ఆయన పోయాడు.

మా ఊళ్ళో సమాధి దగ్గర అయ్యగారు ప్రార్థన చేస్తూ, ఈయన ఒక్క బాతుని కూడా చెయ్యి పెట్టి చూడని నీళ్ళలోకి దించని మంచి కాపరి అన్నారు. నిజమే, మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నారు. కానీ జనం తలలు తమ్ముడి వైపు తిరిగాయి. వాడు తల దించుకుని, పిడికిట్లో మట్టి పట్టుకుని నిలబడ్డాడు. మట్టి వేయమన్నప్పుడు అందరూ విసిరారు. వాడు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, మట్టిని వేళ్ళ మధ్య నెమ్మదిగా నలిపి, పెళ్ళలు లేకుండా చేసి వదిలాడు.

ఇంటికొచ్చి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే అన్నాను. "నాన్నకి చెప్పలేకపోయానురా. చెబుదామనే అనుకున్నాను." ఏడుపు ఆగలేదు. వాడు పంపు కొడుతూ, "చెబితే ఏమొచ్చేదక్కా," అన్నాడు. "ఆయనకున్నది ఇద్దరం. ఒకళ్ళ మీదన్నా నమ్మకం ఉండనిద్దామనుకున్నాను." తరువాత చెంబు నా చేతికిచ్చి, మొహం కడుక్కోమన్నాడు.

అంతే, ఆ సంగతి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఫోన్‌లో వానల గురించి, మరదలి నడుం నొప్పి గురించి, చర్చికి కొత్త రేకులు వేయడం గురించి మాట్లాడేవాడు. ఒకప్పుడు ప్రతిదానికీ నన్నడిగేవాడు. అక్కా, ఈ మందు వెయ్యొచ్చా, అక్కా, ఈ ఆకు ఏంటి, అక్కా, ఈ కాగితంలో ఏం రాశారు. ఆ రోజు తరువాత ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. కోపంతో కాదని నాకు తెలుసు. అడిగితే నేను మళ్ళీ తప్పు చెబుతానేమోనని, చెబితే మళ్ళీ నేనే ఏడుస్తానని. వాడు నా మీద అరిచి ఉంటే, పదిమందిలో నిలదీసి ఉంటే నేను ఇంతకంటే తేలిగ్గా బతికేదాన్ని.

మొన్న వేసవిలో ఒక రోజు కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్, మీకోసం ఎవరో వచ్చారండి అని కబురు పంపాడు. వెళ్ళి చూస్తే తమ్ముడు. జుట్టు సగం నెరిసింది. చంకలో గుడ్డ సంచి, సంచిలో గాజు సీసా. ఆటోలకీ బస్సులకీ ఇవ్వకుండా తణుకు నుంచి తనే పట్టుకొచ్చాడు. సీసా మీద మళ్ళీ కాగితం అంటించి ఉంది. అవే గుండ్రటి అక్షరాలు. "పచ్చరవ్వ అవునో కాదో చూడు అక్కా."

"నాన్న చెప్పిన చెరువు వెతికానక్కా," అన్నాడు. "అక్కడికి వెళ్ళినప్పట్నుంచీ ఖాళీ దొరికినప్పుడల్లా సైకిలేసుకుని ఒక్కో ఊరూ తిరిగాను. నాన్న చెప్పిందో ఇంకోటో తెలీదు. గరగరలాడుతోంది మాత్రం."

ల్యాబ్‌లోకి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. గాజు కడ్డీ ముంచి తీస్తే పచ్చటి గింజలు విడివిడిగా అంటుకున్నాయి. కింద నీళ్ళు తేటగా, ఏ రంగూ లేకుండా ఉన్నాయి. స్లైడు తరువాత స్లైడు చేసి గింజ గింజా చూశాను. గంట పైనే పట్టింది. వాడు స్టూలు మీద కూర్చుని, నన్నే చూస్తున్నాడు. చివరికి ఒక గింజ నెత్తిన చిన్న గుంట, అందులో పక్కపక్కనే రెండు మచ్చలు కనబడ్డాయి. ఒక కేసరం, ఒక అండకోశం.

"రా, చూడు," అన్నాను.

వాడు ఒక కన్ను మూసి, మైక్రోస్కోప్ మీదకి వంగాడు. "ఇదా పువ్వు?" అన్నాడు.

"అదే."

చాలాసేపు వంగే ఉన్నాడు. లేచాక మొహం పక్కకి తిప్పుకుని, చొక్కా భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత, ఇన్నేళ్ళకి మొదటిసారి, నన్నొక ప్రశ్న అడిగాడు. "దీన్ని బాతులకి పెట్టొచ్చా అక్కా?"

సీసాలో చెయ్యి పెట్టాను. కాసిని గింజలు తీసి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశాను. నాన్న చెప్పినట్టే గరగరలాడింది.

"పెట్టొచ్చురా," అన్నాను.

వాడు సరేనని తలూపాడు. పెట్టడానికి మా ఇంట ఒక్క బాతు కూడా లేదు.